నీరుగంటి: ఒక ఇంటిపేరు కేసు

పోయిన వేసవిలో మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, ఆమెకు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంటిపేరు నీరుగంటి. సొంత ఊరు గద్వాల వైపు, కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో. ఊరి పేరు రాయవద్దన్నారు. ఇంటిపేరు రాసుకోవచ్చన్నారు. అది రాయకుండా ఈ కేసు చెప్పడం ఎలాగూ కుదరదు.

పాత ఉర్దూ కాగితాలు చదివి తెలుగులో రాసిపెట్టడం నా పని. సేత్వార్లు (సర్వే నాటి భూమి పట్టికలు), పహాణీలు (ఏటా రాసే సాగు లెక్కలు), ఇనాం పత్రాలు (మెప్పుగానో సేవకో ఇచ్చిన భూముల కాగితాలు), వాటి నకళ్లు. భూమి తగాదాలతో వచ్చేవాళ్లే ఎక్కువ. పని పూర్తయ్యాక వాళ్లలో కొందరు గుమ్మం దగ్గర ఆగి, ‘ఇంతకూ మా ఇంటిపేరు ఎక్కడిది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న నన్ను ఎప్పుడూ వదల్లేదు. పదిహేనేళ్లుగా ఇంటిపేర్లు కూడా తీస్తున్నాను.

ఈ తండ్రీ కూతుళ్లు రెండు పనుల మీద వచ్చారు. మొదటిది, ఇంటిపేరు అర్థం తెలుసుకోవడం. రెండోది కాస్త అత్యవసరం. ఆయన తాతకు ముగ్గురు కొడుకులు. పెద్దాయన సంతానం నీరుగంటి అని రాసుకుంటున్నారు. రెండో ఆయన సంతానం నీరటి. మూడో ఆయన మనవలు హైదరాబాద్ చేరాక ఉత్త గంటి అయ్యారు. ఉమ్మడి భూమి పంపకానికి కాగితాలు పెడితే, మూడు ఇంటిపేర్లవాళ్లు ఒకే కుటుంబం ఎలా అవుతారని అధికారులు అడిగారట. అడగవలసిన ప్రశ్నే అది.

ఆయన చేతిసంచిలో పాత ట్రంకుపెట్టె వాసన వేసే ఒక ఉర్దూ కాగితం ఉంది. దాంతోపాటు ఆయనే రాసుకున్న నలభై పేజీల వంశచరిత్ర కూడా. మొదటి పేజీలో ఇలా ఉంది: ‘మా పూర్వీకులు కాకతీయుల కాలంలో నీరుగల్లు అనే గ్రామం నుంచి వచ్చారు.’ ఆధారం ఏమిటని అడిగాను. కాగితం మూల మీద వేలు పెట్టి చూపించారు. అక్కడ ఉర్దూ అంకెల్లో 1331 అని ఉంది. ఎవరో ఉర్దూ తెలిసినవారు ఆ అంకెలు చదివిపెట్టారట. ఓరుగల్లు పతనం 1323లో. ఇది ఆ తర్వాత ఎనిమిదేళ్లకు రాసిన కాగితమని ఆయన లెక్క.

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత వెలుగు ఉందంటే, వెంటనే కాదనడానికి నాకు నోరు రాలేదు. కానీ అంకెల పక్కన చిన్న ‘ఫే’ అక్షరం ఉంది. అది ఫసలీ గుర్తు. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లోనే నడిచాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1331 ఫసలీ అంటే 1921-22. కాగితం వయసు ఏడు వందల ఏళ్లు కాదు, నూరేళ్లు. ఇలా ఫసలీని క్రీస్తు శకంగా చదువుకుని పొంగిపోయినవాళ్లను, నిరాశపడినవాళ్లను చాలామందిని చూశాను. పాత కాగితం చేతికి రాగానే ముందు చూడవలసింది ఆ చిన్న ఫే అక్షరాన్నే.

కాకతీయుల సంగతి అలా తేలిపోయినా, నీరుగల్లు సంగతి అంత తేలిగ్గా తేలేది కాదు.

ఊరి పేరా, గంటా?

ఆయన ఊహ గాలిలో కట్టింది కాదు. తెలుగులో కొన్ని మాటలకు షష్ఠిలో, అంటే ‘ఫలానాదాని’ అని చెప్పే రూపంలో, ‘టి’ చేరి మాట రూపమే మారుతుంది. ఇల్లు ఇంటి అవుతుంది, విల్లు వింటి అవుతుంది. ఊరి పేర్ల నుంచి వచ్చిన ఇంటిపేర్లు ఈ షష్ఠి రూపంలోనే నిలిచిపోతాయి. వంగూరువాళ్లు వంగూరి, ఓరుగల్లువాళ్లు ఓరుగంటి, పానుగల్లువాళ్లు పానుగంటి. (పానుగంటివాళ్లు వస్తే నాకు వేరే చిక్కు. దక్షిణ తెలంగాణలోనే రెండు పానుగల్లులు ఉన్నాయి. ఒకటి నల్లగొండ పక్కన కందూరు చోడుల రాజధాని, ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరు. రెండోది వనపర్తి వైపు కోట ఉన్న పానగల్లు. ఏ పానుగల్లో తేల్చడానికే ఒక్కోసారి నెలలు పడుతుంది.) ఆ వరసలో పెడితే నీరుగంటి వెనుక నీరుగల్లు ఉండాలనుకోవడం సహజం.

అయితే ఊరి పేరు నుంచి ఇంటిపేరు పుట్టాలంటే ముందు ఊరు ఉండాలి. పాత తాలూకా జాబితాల్లో, పాడుబడ్డ గ్రామాల పేర్లలో, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నోట, ఎక్కడా నాకు నీరుగల్లు తగల్లేదు. నీరుకుళ్ల అనే పేరు వరంగల్, కరీంనగర్ వైపు ఉంది. కానీ నీరుకుళ్ల నుంచి వచ్చేది నీరుకుళ్ల అనే ఇంటిపేరే, నీరుగంటి కాదు. ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరుకు ఇంకో లక్షణం కూడా ఉంటుంది. అది సాధారణంగా ఆ ఊళ్లో పుట్టదు, ఊరు విడిచి వెళ్లినవాళ్లకు అంటుకుంటుంది. ఈ కుటుంబం ఎక్కడి నుంచో వచ్చిందని ఊళ్లో ఎవరూ చెప్పుకోరు. పుట్టువెంట్రుకలు తీయించేది పక్కనున్న మల్దకల్ తిమ్మప్ప దగ్గరే. వలస వచ్చిన కుటుంబాలకు చాలా వరకు ఇలవేల్పు దూరాన ఉంటుంది.

కూతురు చెప్పిన కథ వేరు. ఆమె చిన్నాన్నలు చెప్పేవారట: చెరువు నీళ్లు వదిలేముందు పూర్వీకులు గంట కొట్టేవారు కాబట్టి నీరుగంటి అయ్యారని. ముచ్చటైన కథే, పూర్తిగా అసంభవమూ కాదు. అడుగున చిల్లు ఉన్న రాగిగిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగినప్పుడల్లా ఒక గడియ అని లెక్కపెట్టడం పాత పద్ధతే. గడియ అంటే 24 నిమిషాలు. అయినా మాట ఒప్పుకోదు. తెలుగువాడు నీటికి సంబంధించిన గంటను నీటిగంట అంటాడు. నీరుకోడి, నీరుకాకి ఉన్నాయి కదా అని ఆమె వెంటనే అంది. సరైన ప్రశ్న, ఆ పిల్ల తెలివికి సంతోషించాను. సరే, నీరుగంట అనే మాటే ఉందనుకుందాం. అప్పుడు ఇంటిపేరు నీరుగంట అని ఆగాలి. గంటకు షష్ఠిలోనూ గంట అనే రూపమే ఉంటుంది. చివర ఆ ‘ఇ’ ఎక్కడిది?

శోశాలు లెక్కపెట్టడం

ఆ ‘ఇ’ కోసం కాగితం ముందు కూర్చున్నాను. అది ఒక ఇనాం పత్రానికి నకలు. రాత శికస్తా, అంటే చుక్కలు మానేసి అక్షరాలు కలిపేసి వేగంగా రాసే దస్తూరి. అనుభవదారుడి పేరు గడిలో మనిషి పేరు తేటగానే ఉంది. దాని పక్క మాటలో మొదట నూన్, యే, రే. నీర్, అంతవరకు సందేహం లేదు. ఆ తర్వాత మాటే చిక్కు.

ఉర్దూలో క, గ ఒకే ఆకారం. క నెత్తిన ఒక గీత, గ నెత్తిన రెండు గీతలు. ఇక్కడ కనిపించింది ఒక్క గీతే. అలా అయితే నీర్‌కట్టి అని చదవాలి. తమిళనాడులో చెరువు నీళ్లు పంచే మనిషిని నీర్‌కట్టి అనే అంటారు కాబట్టి అర్థం కూడా చక్కగా కుదురుతుంది. నేను ఒక రోజంతా అదే చదువుగా అనుకున్నాను. మర్నాడు అదే రాయసగాడు అదే పేజీలో గద్వాల అన్న మాటను ఎలా రాశాడో చూశాను. అక్కడా ఒక్క గీతే పెట్టాడు. గద్వాలను కద్వాల అనేవాళ్లు లేరు. అంటే ఈ మనిషికి గ రాసేటప్పుడు రెండో గీత పెట్టే అలవాటు లేదు. గీత మీద ఆధారపడి ఏదీ చెప్పలేం.

మిగిలింది శోశా. మాట నడుమ వచ్చే కొన్ని అక్షరాలు పంటి ఆకారంలో ఒక మెట్టుగా మిగులుతాయి. దాన్నే శోశా అంటారు. కట్టి అని రాస్తే నడుమ ఒక్క మెట్టే ఉండాలి, ట కోసం. గంటి అని రాస్తే రెండు ఉండాలి, న కోసం ఒకటి, ట కోసం ఒకటి. భూతద్దం పెట్టి, కాగితాన్ని కిటికీ వెలుగుకు అడ్డంగా వంచి చూశాను. సిరా పాలిపోయినా కలం నొక్కిన గాడి మిగిలింది. మెట్లు రెండు. మొదటి మెట్టు పొట్టిది, రెండోది కాస్త పొడుగు. చుక్కలు లేవు. అయినా రెండు మెట్లు ఉన్నాక అది నీర్‌కట్టి కాదు, నీర్‌గంటి.

ఆ పత్రంలో అంతకంటే విలువైన సంగతి పై వరసలో ఉంది. ఇనాం రకం గడిలో ‘ఇనాం నీరడి’ అని రాసి ఉంది. తెలంగాణ జిల్లాల రికార్డుల్లో సేత్‌సింధీ, కావల్‌కార్ లాంటి గ్రామ సేవకుల వరసలో కనిపించే మాట నీరడి. 1955 నాటి ఇనాముల రద్దు చట్టంలో కూడా సేత్‌సింధీ, నీరడి, బలూత ఇనాముల మాట విడిగా వస్తుంది. ఊళ్లలో దాన్నే నీరటి, నీరటికాడు అంటారు. చెరువు తూము తెరిచి మూసి, ఆయకట్టు రైతులకు వంతుల ప్రకారం నీళ్లు పంచే మనిషి. అంటే ఒకే కాగితం మీద సర్కారు మాట నీరడి, ఊరి మాట నీర్‌గంటి రెండూ ఉన్నాయి. ఒకటి పని పేరు, రెండోది ఆ పని చేసే మనిషి పేరు పక్కన. రెండూ ఒకటే.

నీరుగంటి అనే మాట నల్లగొండలో అడిగితే ఎవరూ చెప్పలేరు. కన్నడ దేశంలో అడగండి, చెరువు నీళ్లు పంచేవాడని పల్లెల్లో ఇప్పటికీ చెబుతారు. చిత్తూరు, అనంతపురం వైపు తెలుగువాళ్లకూ ఈ మాట తెలుసు. కన్నడంలో కట్టు, గంటు రెండూ ముడివేయడం చుట్టూ తిరిగే మాటలే. గంటు అంటే ముడి. మనం కూడా పొలానికి నీళ్లు ‘కడతాం’ కదా. పారే నీటిని ఒకచోట కట్టి మరోచోటికి మళ్లించేవాడు నీరుగంటి. చివరి ‘ఇ’ ఆ చేసేవాడిని చెప్పే ‘ఇ’. ఊరి పేరుకు చేరిన షష్ఠి కాదు. ఓరుగంటిలోని గంటి, నీరుగంటిలోని గంటి చెవికి ఒకటే, పుట్టుక వేరు.

కన్నడ మాట గద్వాల పక్క ఊరికి ఎలా వచ్చిందని హైదరాబాద్‌లో పెరిగిన కూతురు అడిగింది. ఆమె తండ్రికి ఆ సందేహం రాలేదు. గద్వాల, అలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలోనివి. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోతే, ఈ రెండు తాలూకాలు మాత్రం విడివడి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. నడిగడ్డ సంతల్లో రెండు భాషలూ వినిపించేవి. ఇంటిపేరు ఈ గట్టున తెలుగు మనుషులకు ఉంది, మాట ఆ గట్టుది.

ఊళ్లో

కాగితంతో ఆగితే సగం పనే అవుతుంది. ఏప్రిల్ చివరలో ముగ్గురం ఊరికి వెళ్లాం. ఆయన చిన్నమ్మ ఒకావిడ ఉంది, తొంభైకి దగ్గర. చూపు మందగించింది గానీ మాట గట్టిది. నేను ఇంటిపేరు గురించి అడగలేదు. ఇలాంటిచోట ఇంటిపేరు అర్థం అడిగితే జనం మనకోసం ఒక కథ అల్లి చెబుతారు. చెరువు గురించి అడిగాను.

“మా మామ రాత్రిళ్లు తూము దగ్గరే పడుకునేవాడు నాయనా,” అంది. “చేతికి గడియారమా ఏమన్నానా? పగలయితే నీడను అడుగులతో కొలిచేవాడు. రాత్రయితే గొర్రుకొయ్యలు చూసేవాడు. అవి నడినెత్తికి వస్తే కింది కాలువ వంతు. ఆయన మడవ తిప్పాక పటేలయినా ముట్టుకోవడానికి లేదు.”

ఆ చుక్కల మాట రాసుకుంటుండగానే, నేను అడగని జవాబు ఆమే ఇచ్చింది. “మామ పోయాక రెండేళ్లు మా పెద్దబావ నీరుగంటి. ఆయన చేతకాక వదిలేస్తే మా ఆయన నీరుగంటి అయినాడు.”

కూతురు నా వైపు చూసింది. ఆమెకూ అర్థమైంది. ఇంటిపేరు ఎవరూ ‘అవరు’, అది పుట్టుకతో ఉంటుంది. ఈ పెద్దావిడ నోట నీరుగంటి ఇంకా ఇంటిపేరు కాలేదు. ఒక అన్న వదిలితే తమ్ముడు ఎత్తుకునే బాధ్యత. నాకు కాగితం కంటే, వ్యాకరణం కంటే ఆ వాక్యం గట్టి సాక్ష్యం.

సాయంత్రం గ్రామ నక్షా, అంటే ఊరి భూముల పటం, పట్టుకుని ఇనాం భూమి సర్వే నంబరు వెతికాం. రెండెకరాల పన్నెండు గుంటలు. తూము కిందే, మంచి నేల దగ్గరే ఉంటుందనుకున్నాను, మెప్పు కోసం ఇచ్చిన భూమి కదా అని. కాలువ వెంట నడుస్తూ పోయాం. ఒక మోదుగ చెట్టు దాటాం, పూడిపోయిన పిల్లకాలువ దాటాం, ఆయకట్టు అయిపోతున్నది, నంబరు రావడం లేదు. చివరికి కాలువ సన్నబడి నేలలో కలిసిపోయే చోట, ఆఖరి మడి అది. దాని తర్వాత మెట్టచేలే.

అక్కడ నిలబడినప్పుడు నాకు కలిగిన భావాన్ని దాచుకోను, ఒళ్లు జలదరించింది. నీళ్లు పంచేవాడి పొలం కాలువ చివరన ఉంది. అందరికీ అందితేనే ఆయనకు అందుతుంది. పైవాళ్లతో కుమ్మక్కై ఒక్క వంతు తప్పించినా ముందు ఎండేది ఆయన మడే. ఇది ఊరు కావాలని చేసిన ఏర్పాటని ఏ కాగితంలోనూ లేదు, నేను భూమిని చూసి చెబుతున్న మాట. తిరిగి వచ్చి అడిగితే పెద్దావిడ అంది: “మా చేనుకు ఎప్పుడూ ఆఖరి తడే. అత్త తిట్టేది. ఊళ్లో నీళ్లన్నీ నీ చేతిలో ఉండి మన వరి ఎండబెడతావా అని.”

తండ్రి గట్టు మీద చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. “అంటే మావాళ్లు ఊరి పనివాళ్లు, అంతేనా?” అన్నారు. ఇలాంటి ఘడియలో ఏదో ఒకటి చెప్పి ఓదార్చడం నాకు ఇష్టం లేదు. అవును, కల్లం దగ్గర ధాన్యంలో మేర తీసుకుని ఊరికి పని చేసినవాళ్లు. అయితే ఆ మేర పెట్టే రైతులందరూ, చెరువు అడుగంటి ఇంకొక్క తడి కోసం కొట్టుకునే రోజుల్లో, ఆయన తిప్పిన మడవకు తల వంచారు. కొలతలు తెలియాలి, ఏ మడి ఎంత తాగుతుందో తెలియాలి, చీకట్లో గట్ల మీద నడవాలి, ఎవరికీ లొంగకూడదు. నలభై పేజీల వంశచరిత్రలో ఇంత విలువైన వాక్యం ఒక్కటీ లేదని ఆయనతో చెప్పాను, మనసారా చెప్పాను.

కులం గురించి కూడా ఆయన అడిగారు. ఈ ఇంటిపేరును బట్టి కులం చెప్పకూడదు. నీరటి పని ఒక్కో ఊళ్లో ఒక్కొక్కరి చేతిలో ఉండేది. నీరటి, నీరుగంటి అనే పేర్లున్న రెండు ఇళ్లు కనిపించగానే బంధువులనుకోవడమూ తప్పే. పని పేరు ఎన్ని ఊళ్లలో ఉంటే అన్నిచోట్ల విడివిడిగా పుడుతుంది.

మూడు శాఖల లెక్క

అందుకే, ఈ మూడు శాఖలూ ఒకటేనని మాట పుట్టుకతో రుజువు కాదు. దానికి వేరే పరీక్షలు కావాలి. ఎవరు చనిపోతే ఎవరికి మైల వస్తుందో అడిగాను. ముగ్గురికీ పరస్పరం పది రోజుల మైల. ఎవరి పిల్లలను ఎవరు చేసుకున్నారో అడిగాను. మూడు శాఖల మధ్య ఒక్క పెళ్లీ లేదు, అంతా పాలివాళ్లు. ఇలవేల్పు ఒకరే. వీటికి తోడు 1954-55 ఖాస్రా పహాణీలో అదే సర్వే నంబరు మీద ముగ్గురు అన్నదమ్ముల తండ్రి పేరు, దాని ముందు నీరుగంటి అనే మాట.

నీరటి ఎలా వచ్చిందో రెండో శాఖవాళ్ల బడి కాగితాలు చెప్పాయి. 1960ల్లో పిల్లవాడిని బడిలో వేసినప్పుడు, నీరుగంటి అనే మాట తెలియని ఉపాధ్యాయుడు, పని ఏమిటో విని తనకు తెలిసిన మాట నీరటి అని రాసి ఉంటారు. తప్పు రాయలేదు, తర్జుమా చేశారు. గంటి సంగతి ఇంకా సులువు. మూడో శాఖ పత్రాల్లో నీరు, గంటి అని విడగొట్టి రాసినది ఒకటి దొరికింది. ఆ తర్వాతి పత్రాలన్నింటిలో నీరు పొడి అక్షరమైపోయింది, గంటి ఇంటిపేరై కూర్చుంది.

ఉర్దూ పత్రానికి తెలుగు ప్రతి, పేజీ మీద రెండు మాటలూ ఉన్న చోట్లకు గుర్తులు, వంశవృక్షం, పహాణీ నకలు, పెద్దావిడ వాంగ్మూలం కలిపి అఫిడవిట్‌తో సమర్పించారు. ‘నీరుగంటి అలియాస్ నీరటి అలియాస్ గంటి’ అని ఒకే కుటుంబంగా నమోదైంది. హైదరాబాద్ శాఖ పిల్లలు తిరిగి పూర్తి పేరు పెట్టుకుంటారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. నేను సలహా ఇవ్వలేదు. తండ్రి వంశచరిత్రలో మొదటి పేజీ కొట్టేసి, నక్షా బొమ్మ అతికించారు.

ఊరి నుంచి బయలుదేరే ముందు పెద్దావిడ ఆ కాగితం తన చేతికి ఇమ్మంది. మామ పేరు ఎక్కడుందో చూపించమంది. చూపు ఆనదు కాబట్టి ఆమె వేలు పట్టుకుని నీర్‌గంటి అన్న మాట మీద, ఆ రెండు మెట్ల గాడి మీద పెట్టాను. కాసేపు తడిమి, “తూము కంబాలు లాగా ఉన్నాయి బిడ్డా,” అంది.